40 శాతం కాల్షియం కార్బొనేట్ వేసిన పాలీప్రొపిలీన్: మాడ్యులస్ పెరిగింది, బలం ఎందుకు పడిపోయింది?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు. హోమోపాలిమర్ (ఇంకే మోనోమర్ కలవని) పాలీప్రొపిలీన్‌లో బరువు లెక్కన 40 శాతం పూత లేని కాల్షియం కార్బొనేట్‌ని ఫిల్లర్‌గా, అంటే కలిపే ఖనిజం పొడిగా, వేశారు. మాడ్యులస్, అంటే బిరుసు, 1.5 నుంచి 2.4 గిగాపాస్కల్‌కు పెరిగింది, మీరు అంతకన్నా ఎక్కువే ఆశించారు. యీల్డ్ బలం, అంటే శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడి, 33 నుంచి 21 మెగాపాస్కల్‌కు పడిపోయింది. నాచ్ (గాటు) పెట్టిన కడ్డీని కొట్టి విరిచే ఐజాడ్ పరీక్ష విలువ పెద్దగా మారలేదు గానీ, అసలు భాగం మీద బరువు జారవిడిస్తే స్క్రూ బాస్ (స్క్రూ దిగే గొట్టం) పక్కన వెల్డ్ లైన్ (అచ్చులో రెండు కరుగు మొనలు కలిసే అతుకు) వెంట చీలుతోంది. స్టియరిక్ పూత ఉన్న గ్రేడ్‌కి మారి, దానికి ఫిల్లర్‌నీ ప్లాస్టిక్‌నీ అతికించడానికి వాడే మాలిక్ గ్రాఫ్టెడ్ పాలీప్రొపిలీన్ కూడా 2 శాతం కలిపారు, బలం కదల్లేదు. ఇవన్నీ చాలవన్నట్టు 850 డిగ్రీల దగ్గర బూడిద పరీక్ష చేస్తే 22.5 శాతమే మిగిలింది, కాంపౌండ్ చేసినవాళ్లు, అంటే ప్లాస్టిక్‌లో పొడి కలిపి ఇచ్చినవాళ్లు, ఫిల్లర్ ఎగ్గొట్టారని మీ అనుమానం.

ఆ అనుమానం ముందు పక్కన పెట్టండి. 850 డిగ్రీల దగ్గర కాల్షియం కార్బొనేట్ కార్బన్ డయాక్సైడ్ వదిలేసి సున్నం అయిపోతుంది. మిగిలేది మొదటి బరువులో 56 శాతం. 40ని 0.56తో గుణిస్తే 22.4. అంటే మీకు వచ్చిన అంకె సరిగ్గా 40 శాతం ఫిల్లర్ ఉందనే చెబుతోంది. కార్బొనేట్ ఉన్న నమూనాను 550 నుంచి 600 డిగ్రీల మధ్యే కాల్చాలి, వరసగా రెండు తూకాలు ఒకటే వచ్చేదాకా ఉంచాలి. టాల్క్ అయితే ఆ వేడికి చెక్కుచెదరదు, 800 దాటాక మాత్రం నిర్మాణంలోని నీరు పోయి 5 శాతం దాకా బరువు తగ్గుతుంది. అల్యూమినియం హైడ్రాక్సైడ్ వేసిన కేబుల్ కాంపౌండ్‌లో ఈ పొరపాటు ఇంకా పెద్దది: ఫిల్లర్ బరువులో మూడోవంతుకు పైగా నీటి ఆవిరై పోతుంది. మఫుల్ ఫర్నేస్ (బూడిద పరీక్ష చేసే కొలిమి) ఖాళీగా లేకపోతే సాంద్రత చూడండి. మీ మిశ్రమానికి 1.23 రావాలి. బూడిద సరిగ్గా ఉండి సాంద్రత 1.20కి దిగువన వచ్చిందంటే లోపల గాలి బుడగలు ఉన్నట్టే.

ఇక అసలు విషయం. ఈ రంగంలో లెక్కలన్నీ బరువు శాతంలో చెప్పుకుంటాం, కానీ ప్లాస్టిక్ ప్రవర్తించేది ఘనపరిమాణం లెక్కన. కార్బొనేట్ సాంద్రత 2.7, పాలీప్రొపిలీన్‌ది 0.905. 40 శాతం బరువు అంటే ఘనపరిమాణంలో 18.3 శాతమే. 20 శాతం బరువు అంటే 7.7. మీరు సగానికి సగం రాయి వేశామనుకుంటున్నారు, నిజానికి అందులో అయిదోవంతు కూడా లేదు. ఖర్చు లెక్కలోనూ ఇదే మోసం చేస్తుంది. మిశ్రమం 36 శాతం బరువెక్కింది, అచ్చులో పట్టే పరిమాణం మాత్రం అదే. కాబట్టి కిలో ధర కనీసం 27 శాతం తగ్గితేగాని ఒక్కో పీస్ మీద పైసా మిగలదు. చాలామంది కిలో ధర చూసి సంబరపడి ఇక్కడే దెబ్బతింటారు.

మాడ్యులస్‌ని నిర్ణయించేది ఆ 18.3 శాతం, దానితోపాటు రేణువు ఆకారం. కార్బొనేట్ రేణువు దాదాపు గుండ్రం, పొడవూ వెడల్పూ ఒకటే. మిశ్రమం బిరుసుని అంచనా వేసే హాల్పిన్-సై సూత్రంలో ఆకార గుణకం 2 పెట్టి, ఫిల్లర్ మాడ్యులస్ 70 గిగాపాస్కల్ అనుకుని లెక్క వేస్తే 1.62 రెట్లు వస్తుంది, అంటే 2.4 గిగాపాస్కల్. మీ మిశ్రమం చేయగలిగినంత చేసింది, అందులో లోపమేమీ లేదు. రేణువుని ఇంకా సన్నగా రుబ్బినా, పూత మార్చినా ఈ అంకె పెద్దగా కదలదు. మాడ్యులస్ కొలిచేది చాలా తక్కువ సాగుదల దగ్గర, అప్పటికి ఇంకా ఏదీ ఊడదు. పట్టు బలంగా ఉందా లేదా అన్న ప్రశ్నే అక్కడ రాదు.

టాల్క్ అంటే మన బలపపు రాయే, రేకు రేకులుగా ఉంటుంది. అదే 40 శాతం టాల్క్‌తో 3.5 గిగాపాస్కల్, ఒక్కోసారి ఇంకాస్త పైన వస్తుంది. రేకు పొడవునా ప్లాస్టిక్ సాగకుండా పట్టి ఉంచుతుంది కాబట్టి ఆకార గుణకం 6 దాకా పెరుగుతుంది. అభ్రకం రేకులు ఇంకా పలచన, ఇంకా బిరుసు, కానీ మెలిపెడితే పొరలు విడిపోతాయి. వోలస్టొనైట్ అనే ఖనిజం సూదిలా ఉంటుంది, గీత పడితే టాల్క్ అంత తెల్లబడదు, కాకపోతే స్క్రూనీ బ్యారెల్‌నీ అరగదీస్తుంది. బిరుసే మీ అవసరమైతే ఇది గమనించండి: 20 శాతం టాల్క్‌తో మీకిప్పుడున్న 2.4 గిగాపాస్కల్ ఇంచుమించు వచ్చేస్తుంది, సాంద్రత 1.04కే ఆగుతుంది. పీస్ బరువు 15 శాతం తగ్గుతుంది. అయినా మీకు వెంటనే టాల్క్ వెయ్యమని చెప్పడం లేదు, కారణం వెల్డ్ లైన్ దగ్గరికి వచ్చాక చెబుతాను.

బలం సంగతికి వద్దాం. ఒక్క రేణువుని ఊహించుకోండి, చుట్టూ ప్లాస్టిక్. లాగినప్పుడు రాయి సాగదు, ప్లాస్టిక్ సాగుతుంది. లాగే దిశలో రేణువుకి రెండు కొసల దగ్గర ఒత్తిడి సగటుకి దాదాపు రెండింతలు చేరుతుంది. కార్బొనేట్‌కీ పాలీప్రొపిలీన్‌కీ రసాయన బంధం ఏదీ లేదు. ఉన్నదల్లా తడి ఆనినట్టు ఉండే బలహీనమైన అంటు, దానితోపాటు చల్లారేటప్పుడు ప్లాస్టిక్ కుదించుకుని రేణువుని బిగించి పట్టుకున్న పట్టు. యీల్డ్‌కి ముందే ఆ కొసల దగ్గర పొర విడిపోతుంది, రేణువు పక్కన చిన్న ఖాళీ తెరుచుకుంటుంది. భాగం వంచితే తెల్లబడేది ఈ ఖాళీల వల్లే, కాంతి వాటి మీద చెల్లాచెదురవుతుంది. ఒకసారి విడిపోయాక ఆ రేణువు బరువు మోయదు, అక్కడ ఒక రంధ్రం ఉన్నట్టే లెక్క. పట్టు అసలే లేదనుకుని వేసే నికొలాయిస్-నార్కిస్ లెక్క ప్రకారం 18.3 శాతానికి బలం 61 శాతానికి పడాలి, అంటే 20 మెగాపాస్కల్. మీకు 21 వచ్చింది. అంటే మీ రేణువులన్నీ దాదాపు ఉత్త రంధ్రాల్లా ఉన్నాయి.

దీన్ని ఒక అంకెలో పెట్టుకోవాలంటే బేలా పుకాన్‌స్కీ ఇచ్చిన సూత్రం చాలా పనికొస్తుంది. మిశ్రమం యీల్డ్ బలాన్ని ముడి ప్లాస్టిక్ యీల్డ్ బలంతో భాగించండి. దాన్ని (1 + 2.5 × ఘనపరిమాణ భిన్నం)తో గుణించి, (1 − ఘనపరిమాణ భిన్నం)తో భాగించండి. వచ్చినదానికి సహజ లాగరిథమ్ తీసి, మళ్లీ ఘనపరిమాణ భిన్నంతో భాగిస్తే మిగిలేదే బీ విలువ. మీ అంకెలకి ఇది 0.7 వస్తుంది. 1.5కి చేర్చగలిగితే బలం 24 మెగాపాస్కల్, 2.5 అయితే 29, 3.2 దగ్గర ముడి ప్లాస్టిక్ బలం తిరిగి వచ్చేస్తుంది. ఈ బీలో రెండు సంగతులు కలిసి ఉన్నాయి: గ్రాముకి ఎంత ఉపరితలం ఉంది, ఆ ఉపరితలం ప్లాస్టిక్‌ని ఎంత గట్టిగా పట్టుకుంది. కాబట్టి దీన్ని పెంచే దారులూ రెండే, సన్నటి రేణువు లేదా బలమైన పట్టు.

మీరు మాలిక్ గ్రాఫ్టెడ్ వేసినా ఫలితం ఎందుకు లేదో ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. స్టియరిక్ ఆమ్లం చేసే పని పట్టు పెంచడం కాదు, తగ్గించడం. దాని తల కార్బొనేట్ మీది కాల్షియానికి అతుక్కుంటుంది, తోక బయటికి నిలబడుతుంది. రేణువులు ఒకదానికొకటి అంటుకోవడం మానేస్తాయి, పొడి చక్కగా చెదురుతుంది, కరుగు సాఫీగా ప్రవహిస్తుంది. కానీ ప్లాస్టిక్‌తో అంటు ఇంకా పలచబడుతుంది. మాలిక్ సమూహం అతుక్కోవాల్సింది కూడా ఆ కాల్షియం చోట్లకే. కుర్చీల్లో స్టియరేట్ ముందే కూర్చుని ఉంటే మాలిక్ వచ్చి నిలబడాల్సిందే. రెండింట్లో ఒకటే ఎంచుకోవాలి. బలం కావాలంటే పూత లేని సన్న గ్రేడ్‌కి 1 నుంచి 2 శాతం మాలిక్ గ్రాఫ్టెడ్. దెబ్బకి ఆగాలంటే పూత ఉన్న గ్రేడ్, మాలిక్ లేకుండా. సైలేన్ (సిలికాన్ ఆధారంగా ఉండే అతికించే రసాయనం) వేద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. గాజు, సిలికా, వోలస్టొనైట్, కయోలిన్‌ల మీద అది బాగా పనిచేస్తుంది, కార్బొనేట్ మీద పట్టుకోవడానికి దానికి హైడ్రాక్సిల్ సమూహాలు దొరకవు.

పూత ఎంత ఉండాలన్నది ఎవరో చెప్పిన శాతం పట్టుకుని కాకుండా ఉపరితలం చూసి లెక్క వేయండి. నిలబడ్డ స్టియరిక్ అణువు ఒక్కొక్కటీ 0.21 చదరపు నానోమీటర్ల చోటు తీసుకుంటుంది. గ్రాముకి 3 చదరపు మీటర్ల ఉపరితలం ఉన్న రుబ్బిన కార్బొనేట్‌కి ఒక్క వరస కప్పడానికి 6.8 మిల్లీగ్రాములు చాలు, అంటే 0.7 శాతం. 5 చదరపు మీటర్లయితే 1.1 శాతం. అవక్షేపించి తీసిన 20 చదరపు మీటర్ల గ్రేడ్‌కి 4.5 శాతం దాకా పడుతుంది. తక్కువైతే గడ్డలు మిగులుతాయి. ఎక్కువైతే మిగులు స్టియరిక్ కరుగులో తిరుగుతూ ఉపరితలానికి వచ్చి అచ్చు మీద జిడ్డుగా పేరుకుంటుంది, వెల్డ్ లైన్ దగ్గర రెండు కరుగు మొనల మధ్య చేరితే అతుకు ఇంకా పాడవుతుంది. సప్లయర్‌ని సగటు సైజు ఒక్కటే అడిగి ఊరుకోకండి. నిర్దిష్ట ఉపరితలం, పూత శాతం, టాప్ కట్ (అన్నింటికంటే పెద్ద రేణువుల సైజు) ఈ మూడూ షీట్‌లో ఉండాలి.

టాప్ కట్ ఎందుకంటే దెబ్బకి భాగం పగిలేది సగటు రేణువు దగ్గర కాదు, అన్నింటికంటే పెద్ద రేణువు దగ్గర. పొర విడిపోవడానికి కావలసిన ఒత్తిడి రేణువు సైజు వర్గమూలానికి విలోమంగా ఉంటుంది. 20 మైక్రాన్ల రేణువు, 2 మైక్రాన్ల రేణువు విడిపోయే ఒత్తిడిలో మూడోవంతుకే ఊడిపోతుంది, పైగా ఊడాక మిగిలే ఖాళీ 20 మైక్రాన్ల పగులుకి విత్తనం అవుతుంది. సగటు 1.5 నుంచి 2 మైక్రాన్లు, టాప్ కట్ 8 నుంచి 10 దాటని పూత గ్రేడ్ మీ పనికి సరిపోతుంది. అలాగని అర మైక్రాన్ కిందికి పోతే ఇంకా బాగుంటుందని అనుకోవద్దు. అంత సన్నటి పొడి మామూలు కాంపౌండింగ్‌లో విడిపోదు, పది ఇరవై మైక్రాన్ల గడ్డలుగా ఉండిపోతుంది. సన్న పొడికి డబ్బు పెట్టి ముతక పొడి ఫలితం కొనుక్కున్నట్టు.

నాచ్ పెట్టిన ఐజాడ్ మిమ్మల్ని తప్పుదోవ పట్టించింది, ఇందులో ఆశ్చర్యం లేదు. హోమోపాలిమర్ నాచ్ పెడితే ముందే పెళుసు, అక్కడి నుంచి పడటానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. రేణువులు విడిపోయి ఖాళీలు తెరుచుకోవడం వల్ల నాచ్ మొన దగ్గర కాస్త సాగుదల వచ్చి ఆ విలువ కొంచెం పెరగనూ వచ్చు. ఫిల్లర్ చేసే చెరుపు కనిపించేది నాచ్ లేని కడ్డీని కొట్టి విరిచే షార్పీ పరీక్షలో, బరువు జారవిడిచే డార్ట్ పరీక్షలో. అక్కడ పగులుని పుట్టించాల్సింది మిశ్రమమే, పెద్ద రేణువులూ గడ్డలూ ఆ పని చేసిపెడతాయి. ఫిల్లర్ గ్రేడ్లు పోల్చేటప్పుడు నాచ్ ఐజాడ్ ఒక్కటే చూపించే షీట్‌ని నేనైతే నమ్మను.

ఇప్పుడు వెల్డ్ లైన్. టాల్క్, అభ్రకం లాంటి రేకులు అచ్చులో గోడకి సమాంతరంగా పడుకుంటాయి. రెండు మొనలు కలిసే చోట మాత్రం మొనతోపాటు తిరిగి అతుకు వెంట నిలువుగా పేరుకుంటాయి. అక్కడ అడ్డంగా లాగితే రేకు వెడల్పు మొత్తం మీద పట్టు ఊడుతుంది. టాల్క్ మిశ్రమంలో వెల్డ్ లైన్ బలం మిగతా చోట్ల ఉన్న బలంలో సగానికి, ఒక్కోసారి అంతకన్నా కిందికి పడుతుంది. మీ కార్బొనేట్ గుండ్రం కాబట్టి మీ చీలికకి ఈ కారణం వర్తించదు. అందుకే టాల్క్‌కి తొందరపడొద్దన్నాను: బిరుసు వస్తుంది, మీరు ఇప్పటికే బాధపడుతున్న చోట ఇంకా బలహీనమవుతుంది. బాస్ పక్కన అతుకు పడకుండా గేట్ (కరుగు అచ్చులోకి దిగే దారి) జరపగలిగితే అప్పుడు 20 శాతం సన్న టాల్క్ మంచి ఎంపిక. కాకపోతే రేకుల వల్ల పొడవులో ఒకలా, అడ్డంలో ఒకలా కుదించుకుంటుంది, పలచటి భాగాలు వంకర పోతాయి. కార్బొనేట్‌కి కోసిన అచ్చులో కొలతలు అలాగే వస్తాయని అనుకోకండి.

మీ విషయంలో వెల్డ్ లైన్ దగ్గర ముందు చూడాల్సింది గాలి. బాస్ వెనక గాలి పోయే దారి లేకపోతే అక్కడ కరుగు సరిగ్గా కలవదు. 0.02 నుంచి 0.03 మిల్లీమీటర్ల లోతు వెంట్ కోయించండి, అచ్చు 50 నుంచి 60 డిగ్రీలకి, కరుగు ఇంకో 15 డిగ్రీలు పైకి తీసుకెళ్లండి. ఫిల్లర్ ఉన్న కరుగు వేడిని త్వరగా వదులుతుంది, ముడి పాలీప్రొపిలీన్‌కి సరిపోయిన సెట్టింగ్‌తో మొనలు చల్లబడి కలుస్తాయి.

కాంపౌండింగ్ దగ్గర ఒకే ఒక్క ప్రశ్న అడగండి: ఫిల్లర్ ఎక్కడ పడుతోంది? గింజలతోపాటు మెయిన్ హాపర్‌లోనే 40 శాతం పొడి పోస్తున్నారంటే గడ్డలకి కారణం దొరికినట్టే. కరగని గింజల మధ్య పొడి నలిగి బిళ్లలు కడుతుంది, ఆ బిళ్లల్ని తర్వాత ఏ నీడింగ్ బ్లాకూ (స్క్రూ మీద మెదిపే ముక్క) విప్పలేదు. కో-రొటేటింగ్ ట్విన్ స్క్రూలో, అంటే ఒకే దిశలో తిరిగే రెండు స్క్రూల యంత్రంలో, ముందు ప్లాస్టిక్ పూర్తిగా కరగాలి, ఆ తర్వాత సైడ్ ఫీడర్ నుంచి పొడి రావాలి. పొడితోపాటు వచ్చే గాలి వెనక్కి పోవడానికి సైడ్ ఫీడర్‌కి ముందు ఒక తెరిచిన వెంట్, ఆ వెనక నీడింగ్ బ్లాకులు, డైకి ముందు వాక్యూమ్. పొడిలో తేమ 0.2 శాతం దాటకూడదు. కరుగు 200 నుంచి 220 డిగ్రీలు చాలు. రేకులూ సూదులూ అయితే మరీ గట్టిగా మెదపకూడదు, విరిగి గుండ్రటి పొడి అయిపోతాయి, ఏ ఆకారం కోసం డబ్బు పెట్టారో అదే పోతుంది. కార్బొనేట్‌కి ఆ భయం లేదు, గట్టిగానే మెదపొచ్చు.

చెదిరిందో లేదో చూడటానికి మైక్రోస్కోప్ దాకా పోనక్కర్లేదు. నాలుగైదు గింజల్ని 200 డిగ్రీల దగ్గర రెండు రేకుల మధ్య 100 మైక్రాన్ల ఫిల్మ్‌గా నొక్కి దీపానికి అడ్డుపెట్టండి. తెల్ల చుక్కలు కనిపిస్తే అవి గడ్డలు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ అందుబాటులో ఉంటే రెండు నమూనాలు పంపండి. ద్రవ నైట్రోజన్‌లో ముంచి విరిచినది పొడి ఎలా చెదిరిందో చూపిస్తుంది, గది వేడికి విరిచినది పట్టు ఎలా ఉందో చూపిస్తుంది. ఎండిన మట్టిలోంచి గులకరాయి ఊడొచ్చాక మిగిలే గుంటలా నున్నటి గుంటలు కనిపిస్తే పట్టు లేదు. రేణువుల మీద ప్లాస్టిక్ పీచులు అంటుకుని ఉంటే ఉంది.

మీ స్థానంలో నేనైతే మూడు చిన్న బ్యాచ్‌లు తీస్తాను. ఒకటి, మీ హోమోపాలిమర్‌లోనే 30 శాతం సన్నటి పూత కార్బొనేట్, మాలిక్ లేకుండా. రెండు, అదే ఫిల్లర్ ఇంపాక్ట్ కోపాలిమర్‌లో (లోపలే రబ్బరు భాగం ఉండే పాలీప్రొపిలీన్‌లో). మూడు, హోమోపాలిమర్‌లో 30 శాతం ఫిల్లర్, 8 శాతం ఇథిలీన్-ఆక్టీన్ ఎలాస్టొమర్. మూడోదానికి మాలిక్ గ్రాఫ్ట్ చేసిన ఎలాస్టొమర్ వాడొద్దు. అది వెళ్లి రేణువు చుట్టూ రబ్బరు తొడుగులా చేరుతుంది, రాయి ఇచ్చిన బిరుసుని రబ్బరు తినేస్తుంది. గ్రాఫ్ట్ చేయనిదైతే రేణువులు ఒక పక్క, రబ్బరు చుక్కలు ఒక పక్క విడివిడిగా ఉండి ఎవరి పని వాళ్లు చేస్తాయి. నా అంచనాలో మీ భాగానికి రెండోది సరిపోతుంది. మాడ్యులస్ 2 గిగాపాస్కల్ లోపుకి దిగుతుంది, దాన్ని రిబ్ ఎత్తు పెంచి తేలిగ్గా తెచ్చుకోవచ్చు. పలక మందం పదోవంతు పెంచినా వంపుకి ఎదురు నిలిచే బిరుసు 33 శాతం పెరుగుతుంది, ఏ ఫిల్లర్ మార్పుకీ అంత సులువు లేదు. పరీక్ష కడ్డీలు మోల్డ్ చేశాక కనీసం 48 గంటలు 23 డిగ్రీల దగ్గర ఉంచి కొలవండి, పాలీప్రొపిలీన్ ఇంకా స్ఫటికమవుతూనే ఉంటుంది. మాడ్యులస్‌కి 1 మిల్లీమీటర్, బలానికి 50 మిల్లీమీటర్లు నిమిషానికి, రెండూ ఒకే వేగంతో లాగితే అంకెలు పోల్చడానికి పనికిరావు.

భాగం వేడి దగ్గర పనిచేసేదైతే స్టెబిలైజర్ సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. ఖనిజం ఉపరితలం యాంటీఆక్సిడెంట్‌ని పీల్చుకుంటుంది, పొడి ఎంత సన్నదైతే అంత ఎక్కువగా. అందులోని ఇనుము మలినం ఆక్సీకరణని తొందర చేస్తుంది. ముడి ప్లాస్టిక్‌కి సరిపోయిన మోతాదు ఇక్కడ చాలదు. టాల్క్‌కి మారితే ఈ సమస్య ఇంకా పెద్దది, అక్కడ 0.3 నుంచి 0.5 శాతం ఘన ఎపాక్సీ రెసిన్ కలిపి ఉపరితలాన్ని ముందే కప్పేస్తారు, యాంటీఆక్సిడెంట్ మిగులుతుంది. 150 డిగ్రీల ఓవెన్‌లో కడ్డీలు పెట్టి, మూలలు పొడిపొడిగా రాలడం ఎన్ని రోజులకి మొదలవుతుందో ముడి ప్లాస్టిక్‌తో పక్కపక్కన చూస్తే తేడా తెలిసిపోతుంది.